యావా ఎందుకు నిద్రపోతోంది?

"నిద్రపోతోంది, నిద్రపోతోంది, నిద్రపోతోంది! ఇది రిపోర్టా, జోలపాటా?"

అకోర్లి మేడమ్ కాగితాలు బల్ల మీద పడేసింది. ఆవిడ దగ్గర పాసవడం కంటే మొసలి నోట్లోంచి చెప్పు లాక్కోవడం తేలికని ఆ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో అందరూ అనుకునేదే. సెనామ్ రిపోర్టు తిరిగి రావడం ఇది రెండోసారి.

ప్రాక్టీసు బడిలో చదువులో వెనకబడ్డ ఒకరిని ఎంచుకుని, టర్మంతా గమనించి, ఎందుకు వెనకబడ్డారో రాయాలి. పిల్ల పేరు రాయకూడదు, బడి పేరు రాయకూడదు. ఇంకో నియమం మరీ కష్టం. కళ్ళతో చూడడమే తప్ప సాయం చెయ్యకూడదు.

"నేను చూసిందంతా రాశాను మేడమ్."

"చూసింది రాశావు. కారణమేదీ? రోగమా, ఆకలా, దెబ్బలా?"

"అడిగితే చెప్పదు మేడమ్."

"పిల్ల చెప్పదమ్మా, ఇల్లు చెబుతుంది. వెళ్ళు. ఇంటి పెద్ద ఎవరు, ఏం చేస్తారు, పిల్ల ఎప్పుడు లేస్తుంది, అన్నీ రాసుకురా. మొహమాటపడ్డావో, ఫెయిలే. ఫెయిలైతే సంగతి తెలుసుగా?"

తెలుసు. మూటాముల్లె సర్దుకుని సొంతూరు కేటాకి, అమ్మ చేపలు ఎండబెట్టే ఇసుకలోకి తిరిగి వెళ్ళడమే. సెనామ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి మేడమ్ మెత్తబడింది. బల్ల కింద డబ్బాలోంచి బోఫ్రోట్, నూనెలో వేయించిన తియ్యటి పిండి ఉండ, ఒకటి తీసి చేతిలో పెట్టింది.

"తిను. పొద్దున్నే వేయించినవి. నీకేమీ కాదులే." తర్వాత రిపోర్టు వైపు చూసి నిట్టూర్చింది. "ఏం మనుషులో! పసిదాన్ని ఇలా గాలికి వదిలేశారు."

ఆ జాలి దొంగ జాలి కాదు. సెనామ్‌కి కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాడు లెక్కల క్లాసులో యావా మళ్ళీ నిద్రపోయింది. సారు పిలిస్తే ఉలిక్కిపడి లేచి, ఏమడిగారో తెలియక, "ప్రెజెంట్ సార్" అంది. క్లాసంతా గొల్లుమంది. పదేళ్ళ పిల్ల. ముంజేతుల నిండా మిరియపు గింజలంత కాలిన మచ్చలు. మధ్యాహ్నం అందరూ తింటుంటే గోడకి ఆనుకుని కూర్చుంది. సెనామ్ చెయ్యి సంచిలోని అరటిపండు మీదకి వెళ్ళింది, నియమం గుర్తొచ్చి ఆగిపోయింది. టీచరవుదామని వచ్చి ఆకలిగా ఉన్న పిల్లని చూస్తూ కూర్చోవడం నేర్చుకుంటున్నానా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

బడి వదిలాక గేటు దగ్గర పిల్లని ఆపింది.

"యావా, ఇవాళ మీ ఇంటికి వస్తాను."

పిల్ల బిక్కచచ్చిపోయింది. "వద్దు టీచర్. ఆంటీ కోప్పడుతుంది."

"మరి మీ అమ్మ?"

"ఊళ్ళో ఉంది. చదివిస్తానని ఆంటీ నన్ను తెచ్చుకుంది. ఆంటీ మంచిదే టీచర్! పనయ్యాక బడికి పంపిస్తుంది."

"ఏం పని?"

యావా సంచి భుజానికెత్తుకుని గబగబా గేటు దాటింది. బతిమాలినా, బుజ్జగించినా ఆగలేదు.

పోనీ వదిలేద్దామా? వదిలేస్తే కాలేజీ పోతుంది. వదలకపోతే ఆ ఆంటీ కోపం పిల్ల వీపు మీద దిగుతుందేమో. ఎటూ పాలుపోలేదు. కానీ కారణం కాగితం మీద పడితే అకోర్లి మేడమ్ ఊరుకునే మనిషి కాదు. తానే దిగి వచ్చి ఆ ఆంటీని కడిగిపారేస్తుంది. తన చేత కానిది ఆవిడ చేత అవుతుంది. ఆ ఒక్క ఆశతో సెనామ్ పిల్ల వెంట నడిచింది.

కసావా చేలు దాటి, పిండిమర దాటి, చాలాసేపు నడిచారు. దారి పొడుగునా సెనామ్ ఆ ఆంటీని అడగాల్సిన మాటలు మనసులో కూడబలుక్కుంటూనే ఉంది. చివరికి సున్నం వేసిన ఇల్లు వచ్చింది. వాకిట్లో పొయ్యి మీద పెద్ద నూనె మూకుడు, పక్కన గిన్నెడు పులిసిన పిండి. యావా పుస్తకాల సంచి కింద పడేసి, యూనిఫారం కూడా మార్చుకోకుండా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

సెనామ్ గొంతు సవరించుకుని, గుమ్మం ముందు పద్ధతిగా పిలిచింది.

"అగో!"

"అమే, వస్తున్నా," అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

తెర తొలగించుకుని బయటికి వచ్చింది అకోర్లి మేడమ్.