దుప్పుల షరతులు

తోడేలును కొమ్ములతో తరిమేశాక గుట్ట నిండా దుప్పులు పెరిగాయి. గడ్డి పెరగలేదు. కూనలు మట్టి నాకడం మొదలుపెట్టాయి. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి గుంపంతా వాగవతల తోడేలు దగ్గరికే వెళ్ళింది.

"మళ్ళీ వచ్చి వేటాడుకో. కానీ ఇష్టమొచ్చినట్టు కుదరదు," అంది గుంపుకు పెద్దయిన ముసలి దుప్పి. "చూలుతో ఉన్నవాటిని ముట్టుకోకు. పాలిచ్చే తల్లుల్ని, కూనల్ని వదిలెయ్. పడుచువాటి జోలికి అసలే పోకు. ఊఁ, త్వరగా తేల్చు!"

"అన్నిటికీ ఒప్పుకున్నా పెద్దయ్యా. మరి ఎవర్ని తినమంటావు?" అంది తోడేలు.

ముసలి దుప్పి వెనక్కి తిరిగింది. అంతదాకా ఒక్కచోట నిలవని గుంపు, ఇప్పుడు కదలకుండా తనవైపే చూస్తోంది.