బేస్‌బాల్‌కి వడమాల

"కాలేజీదేముంది అమృతా! మా బేస్‌మెంట్ నిండా కాలేజీయే," అంది విశాలాక్షి ఫోన్లో, పెసరట్టు తిరగేస్తూ.

రాంగ్ నంబరేమోనని అవతల అమృత ఫోన్ స్క్రీన్ చూసుకుంది.

చూసుకోదా మరి? కెనడాలోని ఈ మిస్సిసాగాలో ఏ తెలుగువాళ్ల పిల్లవాడికి మార్కులు తగ్గినా, తల్లికన్నా ముందు బాధపడేది విశాలాక్షే. పుట్టినరోజు కానుకగా లెక్కల పుస్తకాలు ఇచ్చే మనిషి. అలాంటామె ఇప్పుడు అమృత కొడుకు కిరీటి చదువు పక్కన పెట్టి బంతాట ఆడుకోవాలని పట్టుబడుతోంది.

కిరీటి మామూలు పిల్లవాడు కాదు. హైస్కూల్లో రెండు ఆటలాడాడు, రెండింట్లోనూ మొనగాడే. ఈ వేసవిలో రెండు పిలుపులూ ఒకేసారి వచ్చాయి. హామిల్టన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో చోటు, చదువుకు స్కాలర్‌షిప్. లేదంటే ఒక బేస్‌బాల్ క్లబ్బుతో కాంట్రాక్టు. జీతమిచ్చి ఫ్లోరిడా క్యాంపుకు తీసుకెళ్తారు. ఏదో ఒకటే. ఆదివారం సాయంత్రానికల్లా తేల్చి చెప్పాలి.

"హామిల్టన్ అయితే గంటలో ఇంటికొస్తాడక్కా. డిగ్రీ చేతికొస్తుంది. మీ అమ్మాయి వర్షకూ అక్కడే సీటొచ్చిందిగా, ఇద్దరూ ఒకే కార్లో పోయొస్తారు. నీకూ నిశ్చింత."

పెసరట్టు మాడింది.

"నా నిశ్చింత అలా ఉంచు. వాడి మోకాళ్ల సంగతి చూడు. పేరేమో ఫుట్‌బాలు, పట్టుకునేదేమో చేత్తో. పట్టుకున్న పాపానికి పదిమంది మీద పడతారు. అదే బేస్‌బాల్ చూడు, మన బిళ్లంగోడుకి పెద్దమ్మ కొడుకు! కొట్టడం, పరిగెత్తడం. పెద్దమనుషుల ఆట."

బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్టూడెంట్లలో వరంగల్ పిల్ల వాసవి ఒకతె. తోడు పెరుగు కోసం పైకొచ్చి ఇదంతా విన్నది.

"ఆంటీ, మొన్ననే కదా మాకు క్లాస్ పీకిన్రు! వేర్‌హౌస్ షిఫ్టుల కోసం కాలేజ్ ఎగ్గొడితే రూమ్ ఖాళీ చేయిస్తా అన్నరు."

"నీకు బేస్‌బాల్ వచ్చా?"

"రాదు."

"అయితే కాలేజీకి పో."

ఆ మాటకొస్తే బేస్‌బాల్ విశాలాక్షికీ రాదు. మూడు వారాల కిందటి వరకూ ఆ ఆటలో ఎవరు ఎవరిని ఔట్ చేస్తున్నారో కూడా తెలియదు. ఆ రోజు కిరీటి మ్యాచ్‌కు వెళ్లిన వర్షను తీసుకురావడానికి గ్రౌండుకు వెళ్లింది. పార్కింగ్ లాట్‌లో కాసేపు నిలబడి చూసింది. అంతే, ఇంటికొచ్చేసరికి బేస్‌బాల్ భక్తురాలైపోయింది.

"అంత బాగా ఆడాడా?" అన్నాడు భర్త ఆంజనేయప్రసాద్.

"కళ్లారా చూశాను," అంది.

అప్పటినుంచి ఆమెకు ఊపిరి సలపడం లేదు. కిరీటిని ఇంటికి పిలిచి దిబ్బరొట్టె పెట్టింది. 'నీ చెయ్యి చెయ్యి కాదు నాయనా, ఫిరంగి' అని నూరిపోసింది. బేస్‌బాల్ ఖాయమైతే ఆంజనేయస్వామికి వడమాల వేయిస్తానని మొక్కుకుంది. గద పట్టిన దేవుడు కాబట్టి బ్యాటు సంగతి తొందరగా అర్థం చేసుకుంటాడని ఆమె నమ్మకం.

ఒక్కటే కొరత మిగిలింది.

"ఫ్లోరిడా ఎంత దూరమండీ?"

"ఫ్లయిట్‌లో మూడు గంటలు."

"అంతేనా?"

"ఇంకెంత కావాలి నీకు?"

"జపాన్లోనూ ఆడతారట కదా. వీళ్లకు అక్కడేమైనా బ్రాంచి ఉందేమో కనుక్కోండి."

ఆంజనేయప్రసాద్ కనుక్కోలేదు. భార్య అడిగినవన్నీ కనుక్కుంటూ కూర్చుంటే ఉద్యోగం చేయలేనని ఆయనకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది.

ఆదివారం అమృత ఇంట్లో భోజనాలు. పేరుకు భోజనాలే గానీ, జరిగింది పంచాయితీ. కిరీటి తండ్రి మహీధర్ ల్యాప్‌టాప్ తెరిచి, ఎక్సెల్ షీటులో ఫుట్‌బాల్‌ని గెలిపించాడు. అమృత ముక్కు చీదుతూ గుత్తివంకాయ వడ్డించింది. కిరీటి తినడం లేదు. ఎదురుగా కూర్చున్న వర్షా తినడం లేదు.

విశాలాక్షి విస్తరాకు మడిచి లేచింది.

"మనం ఇంత దూరం ఎందుకొచ్చామండీ మహీధర్ గారూ? పిల్లలు కోరుకున్నట్టు బతకాలనేగా! వాడి కళ్లలోకి ఒక్కసారి చూడండి. వాడి మనసంతా ఫ్లోరిడాలోనే ఉంది. పిల్లల మనసుకు అడ్డుపడితే వాళ్లూ ఒక తల్లిదండ్రులేనా?"

ఇంత చక్కగా మాట్లాడగలనని విశాలాక్షికే తెలియదు. వర్ష కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసి విశాలాక్షి కాస్త గర్వపడింది కూడా.

కిరీటి తలెత్తాడు. "ఐ వాంట్ బేస్‌బాల్, డాడ్. ఐయామ్ గోయింగ్ టు ఫ్లోరిడా."

మహీధర్ ల్యాప్‌టాప్ మూశాడు. లేచి కొడుకు భుజం తట్టాడు. అమృత చున్నీతో కళ్లు తుడుచుకుని, "పోనీలే, వాడి ఇష్టం," అంది.

కిరీటి తిన్నగా విశాలాక్షి దగ్గరకు వచ్చాడు. కెనడాలో పుట్టి పెరిగినవాడు, నడుం దాకా వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

"థాంక్యూ, ఆంటీ."

"వెళ్లు నాయనా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లు," అని మనస్ఫూర్తిగా దీవించింది విశాలాక్షి.

ఇంటికొస్తుంటే కారు గాల్లో తేలుతున్నట్టుంది. మినప్పప్పు ఎంత నానబోయాలో లెక్కలేసుకుంటోంది. ఏమడిగినా ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబిచ్చే వర్ష, వెనక సీట్లోంచి ముందుకు వంగి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"థాంక్స్ అమ్మా, ఆ రోజు పార్కింగ్ లాట్‌లో మమ్మల్నిద్దర్నీ చూసి చంపేస్తావనుకున్నాం గానీ, నాకు ఫ్లోరిడాలో కూడా సీటొచ్చిందని నీకెలా తెలిసింది?"