ఓడకు ఆ చివరా ఈ చివరా

భర్త సుదర్శనంతో వేగడం ఆ దేవుడివల్ల కూడా కాదని హైమవతి రోజూ వంటింట్లో పైకే అంటుంది. అందరిళ్లలోలాగే వాళ్లింట్లోనూ పనులన్నీ చక్కబెట్టే మాట్లాడే గోడ ఒకటుంది; ఆ మాట విని, నిజమే కాబోలనుకుంది. ఆయన అండమాన్ ఓడప్రయాణం బుక్ చెయ్యమనగానే ఇద్దరికీ ఓడకు ఆ చివరొకటి, ఈ చివరొకటి గదులు తీసుకుంది.

"గోడకి మనకన్నా బాగా తెలుసే" అన్నాడు సుదర్శనం.

"మొగుణ్ణి తిట్టుకోవడమంటే ఏమిటో మనిషికే తెలుస్తుంది. ఆ బుకింగ్ గోడ దగ్గర్నుంచి ట్రావెల్ ఏజెంటు మేరీ చేతికి మార్పించండి. లేకపోతే నేను ఓడెక్కను" అంది హైమవతి.

బుక్ చేయించినవారే అది తమ పొరపాటని నోటితో ఒప్పుకుంటే తప్ప మార్చనంది గోడ. సుదర్శనం కాఫీ తాగాడు, మొక్కలకి నీళ్లు పోశాడు. హైమవతి సర్దిన పెట్టె విప్పి, చీరలు ఒక్కొక్కటే తిరిగి బీరువాలో పెట్టసాగింది.

పట్టుచీర దగ్గరికొచ్చేసరికి ఆయన "నాదే పొరపాటు" అని గొణిగాడు.

"ఈ మాట మీ గొంతులో ఎప్పుడూ వినలేదు, గుర్తుపట్టలేకపోతున్నాను. కాస్త గట్టిగా చెప్పండి" అంది గోడ.

హైమవతి చీర పట్టుకుని ఆగింది.

"పొరపాటు నాదేనే హైమా" అన్నాడు సుదర్శనం, పక్కింటివాళ్ల గోడకి కూడా వినిపించేలా.