రెప్ప వెయ్యని చదువు

కెమెరా పని నేర్పే స్కూళ్ళు రెండే మిగిలాయి. ఒకదాంట్లో కెమెరా భుజాన పెడతారు, ఇంకోదాంట్లో కంట్లో పెడతారు. ఉద్యోగాలన్నీ రెండోదానివాళ్ళకే. ముప్పై ఏళ్ళు నటుల కళ్ళకి ఫోకస్ పట్టినవాణ్ణి కదా, మా అమ్మాయి మేదినిని తీసుకుని ఆ రెండోదాన్ని నేనే చూడ్డానికి వెళ్ళాను.

క్యాంటీన్‌లో సీనియర్ అమ్మాయొకతె మా ఎదురుగా కూర్చుని పొగలుగక్కే సాంబారు తింది. ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

"కళ్ళు మండవా అమ్మా?" అన్నాను.

"రెప్ప వేస్తే షాట్ తెగిపోతుంది అంకుల్. ఆ అలవాటు మొదటి నెల్లోనే మానిపించేస్తారు."

ఇంటికొచ్చాక, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మేదినితో చెప్పేశాను. "అది వద్దు తల్లీ. భుజం మీది కెమెరా చాలు."

"సరే నాన్నా," అంది.

హమ్మయ్య అనుకుని దాని మొహంలోకి చూశాను. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. రెప్ప మాత్రం పడలేదు.