తారు ట్యూబు

"ఈ తారు వల్లే కదండీ నా కూతురికి రోగం వచ్చింది! మళ్లీ అదే పుయ్యమంటారేటి?"

మార్టిన్ ట్యూబుని డాక్టర్ కృష్ణప్రియ బల్లమీద విసిరికొట్టాడు. అతను పద్నాలుగేళ్లుగా భిలాయి ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేస్తున్నాడు. ఆ పొయ్యిల్లో బొగ్గుని మాడ్చినప్పుడు దిగే తారు వాసన ఏ సబ్బుకీ వదలదు. నిరుటినుంచి ఎనిమిదేళ్ల జెన్నీకి మోచేతుల మీదా తలలోనూ ఎర్రమచ్చలు, వాటిమీద తెల్లటి పొట్టు.

భిలాయిలో దగ్గొచ్చినా ప్లాంటే, జుట్టూడినా ప్లాంటే. ప్లాంటు కూడు తింటూ ప్లాంటునే తిడతారు. మార్టిన్ ఇంకో మెట్టు దిగి తనని తానే తిట్టుకున్నాడు. పిల్లని ఎత్తుకోవడం మానేశాడు. ఊరవతల నందిని సున్నపురాయి గనులకి బదిలీ అడిగి తెచ్చుకున్నాడు. సోమవారం వెళ్లిపోతాడు, ఒక్కడే.

"నాను మొదట్నుంచీ సెప్తన్నాను, ఈ అల్లుడి మసే!" అంది అత్తగారు పరంజ్యోతి. చర్చికెలా వెళ్తుందో ఆసుపత్రికీ అలాగే వచ్చింది, మే నెల ఎండలో మణికట్టు దాకా చేతులున్న తెల్లజాకెట్టుతో. "మా వొంశంలో ఇలాటిది ఎవులికీ లేదు."

"మసి కాదమ్మా, సోరియాసిస్. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. ఎవరి తప్పూ కాదు," అంది డాక్టర్. "ఈ ట్యూబులోది శుద్ధిచేసిన తారు, అదీ కొంచెమే. మీ ప్లాంటు డ్రమ్ములోది తెచ్చి పూసేరు, జాగ్రత్త! దీంతో తగ్గకపోతే వేరే క్రీములున్నాయి, లైటు చికిత్స ఉంది, ముదిరితే ఇంజక్షన్లూ ఉన్నాయి. మళ్లీ మళ్లీ రావచ్చు. కానీ అదుపులో పెట్టొచ్చు."

"అయితే... నాను ఎత్తుకోవచ్చా?"

"ఇప్పుడే ఎత్తుకోండి."

మార్టిన్ ఎత్తుకున్నాడు. జేబులోని బదిలీ కాగితం ఇద్దరి మధ్యా నలిగింది.

జెన్నీ తండ్రి భుజం మీంచి అమ్మమ్మని చూస్తూ అడిగింది. "ఆంటీ, మరి నానీ పక్కన పడుకోవచ్చా? నేను చిన్నగా ఉన్నప్పట్నుంచీ నానీ రానివ్వదు. అంటుకుంటాది, దూరం దూరం అంటాది."

"ఇది ఎవరినుంచీ ఎవరికీ అంటుకోదు, బంగారం. హాయిగా పడుకో."

కిటికీ బయట ప్లాంటు సైరన్ మోగి ఆగింది.

"డాక్టరమ్మా, రెండు ట్యూబులు రాయి," అంటూ పరంజ్యోతి జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచింది.