ఆకుపచ్చ పెన్సిల్

"కుర్చీలేవండీ?" గుమ్మంలోనే ఆగిపోయి అడిగింది మేడమ్.

"తీసేశాం మేడమ్. అజైల్ పద్ధతి కదా, ఇప్పుడంతా నిలబడే మాట్లాడుకోవడం," అన్నాడు పెద్దసారు మోకాలు రుద్దుకుంటూ.

మేడమ్‌కి నమ్మకం కుదరలేదు. ఆయన సంగతి ఆవిడకి తెలియంది కాదు, తన మొదటి ఉద్యోగం ఈయన దగ్గరే. ఏ ప్రాజెక్టయినా సరే, పని మొదలెట్టకముందే గోడంత చార్టు మీద చివరిదాకా గడులు గడులుగా గీసిపారేసేవాడు. జలుబు చేసిందని సెలవడిగితే చార్టు కేసి చూసి, "ఈ వారం జలుబుకి ఖాళీ లేదే!" అనేవాడు. పని పూర్తయ్యాక చెవి మీది ఆకుపచ్చ పెన్సిల్ తీసి, ఆ గడిని ముద్దుగా నింపేవాడు. "ఏమ్మా, పని పూర్తి కాకుండా పచ్చరంగు వేశావో, చేతులు విరగ్గొడతా," అని రోజూ ఓ హెచ్చరిక. అందరూ చాటుగా ఆయన్ని గడుల మావయ్య అనేవారు.

ఇప్పుడా గడులే ఆయన కొంప ముంచేలా ఉన్నాయి. ముందే అంతా గీసుకుని దాన్నే పట్టుకు వేలాడే పద్ధతి ఇక వద్దనీ, కొంచెం కొంచెం పని ఎత్తుకుని రోజూ మాట్లాడుకుంటూ, ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోయే అజైల్‌కి అన్ని టీములూ మారాల్సిందేననీ కంపెనీ తేల్చేసింది. మారని మేనేజర్లు ఇంటికే. ఈయన చచ్చినా మారడని పైవాళ్ల నమ్మకం. ఇంటికి పంపే ఉత్తర్వు మేడమ్ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. చేతిలో పెట్టి వెళ్లిపోవచ్చు. కానీ పని నేర్పిన మనిషాయె, ఆయనకి కాలేజీ చదువుల్లో ఉన్న కూతురాయె. మనసొప్పక, ఒక్క పూట చూసిపోదామని వచ్చింది.

"గోడకి ఆ తెరేంటి సార్?"

"పెచ్చులూడింది మేడమ్. చూడ్డానికి బాగోదని కప్పాం."

"మరి మీ పెన్సిలో?"

"మానేశాను మేడమ్," అన్నాడాయన, సిగరెట్లు మానేసినవాడిలా ఛాతీ విరుచుకుని.

టీమంతా బోర్డు చుట్టూ చేరింది. చేయాల్సిన పనులన్నీ రంగురంగుల చీటీల మీద రాసి బోర్డుకి అంటించి ఉన్నాయి. టెస్టింగ్ చూసే అమ్మాయి ముందుగా నోరు విప్పింది.

"నిన్న లాగిన్ చూశాను. తప్పు పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోతోంది."

"సరైంది కొడితే?" అన్నాడు కోడ్ రాసే బట్టతలాయన.

"పోవట్లేదు."

"అంటే సగం పనిచేస్తున్నట్టేగా!"

"ఏ సగమండీ? దొంగలకి పనికొచ్చే సగమా?"

మాటా మాటా పెరిగింది. మేడమ్ ఊపిరి బిగబట్టి పెద్దసారు వంక చూసింది. పాత రోజుల్లో అయితే "పోట్లాటకి గడి లేదు, ఆపండి" అని కసిరేవాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు.

అంతలో ఓ చీటీ ఊడి కిందపడింది. బట్టతలాయన తీసి చదివాడు.

"రిపోర్టుల పేజీ. అసలిది ఎవరడిగారు?"

"కస్టమరైతే అడగలేదు," అంది టెస్టింగ్ అమ్మాయి.

"అయితే ఇది మానేసి, ఇద్దరం కూర్చుని లాగిన్ బాగుచేద్దామా? ఏమంటారు సార్?"

"నాకు తెలీదు. మీరే తేల్చుకోండి."

మేడమ్ ఉలిక్కిపడింది. ఆ నోట 'నాకు తెలీదు' అన్న మాట వినడం ఇదే మొదలు! చీటీ చెత్తబుట్టలోకి పోయింది. ప్లాను మారిపోయింది, ఎవరికీ గుండె ఆగలేదు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. చీకట్లో మేడమ్ ఒక అడుగు వేసిందో లేదో, "ఏమ్మా, జాగ్రత్త! కాళ్ల దగ్గర వైరుంది," అని పెద్దసారు గొంతు. మరుక్షణమే నాలిక్కరుచుకున్నాడు. "క్షమించండి మేడమ్, పాత అలవాటు."

మేడమ్ ఆ గొంతు వైపు తిరిగింది. ఎన్నేళ్లయింది ఆ పిలుపు విని! "మేడమేంటి సార్, అలాగే పిలవండి," అంటూ బ్యాగులోంచి ఉత్తర్వు తీసి పర్రున చింపేసింది.

"ఏంటదీ?"

"ఏం లేదు సార్. పనికిరాని కాగితం."

కరెంటు వచ్చింది. "మేం క్యాంటీన్‌లో ఉంటాం. మీరు ఫోన్లూ అవీ చూసుకుని రండి," అని పెద్దసారు టీముని వెంటబెట్టుకుని వెళ్లాడు.

మేడమ్ పైవాళ్లకి ఫోను చేసింది. "మనిషి పూర్తిగా మారిపోయాడండీ! ఆయన్ని కదపొద్దు. అన్ని టీములకీ ఈయన చేతే నేర్పిద్దాం." ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుంది. పాపం, పెచ్చులూడిన గోడ కూడా బాగుచేయించుకోలేదు, తనే పురమాయిద్దామనుకుని తెర ఎత్తింది.

గోడ నున్నగా ఉంది. దాని మీద ఈ చివర్నించి ఆ చివరి వరకు ఒకటే చార్టు. పైన 'అజైల్‌గా కనబడుట' అని పెద్దక్షరాలు. కింద వరసగా గడులు. కుర్చీలు తీసివేయుట. లాగిన్ మీద పోట్లాట. చీటీ రాలిపడుట. నేను 'నాకు తెలీదు' అనుట. కరెంటు పోవుట, బాధ్యత: వాచ్‌మన్. నోరుజారి 'ఏమ్మా' అనుట. ఉత్తర్వు చిరుగుట.

మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది. ఎంత మోసం! మళ్లీ ఫోను అందుకుంది. నంబరు నొక్కబోతుంటే చిట్టచివరి గడి మీద చూపు పడింది: 'మేడమ్ తెర ఎత్తుట, మండిపడుట, పకపకా నవ్వుట.'

పెదవి కొరుక్కుంది, పళ్లు బిగబట్టింది, అయినా ఆవిడ వల్ల కాలేదు.

ఆ గడికి అప్పటికే పచ్చరంగు వేసి ఉంది.