అయిదో కొండ కొలత

సర్వేయరు పొద్దున్నుంచి నాలుగు కొండల ఎత్తు కొలిచి, అయిదోది ఎక్కేసరికి చీకటి పడింది. చలికాలపు పొద్దు కదా, ఇట్టే గుంకుతుంది. తోడొచ్చిన చిన్ననాటి స్నేహితుడు దర్జీ. దారి పొడవునా వాగుతూనే ఉన్నాడు.

"ఎంతెంత బొజ్జలు కొలిచానురా, ఈ కొండ ఓ లెక్కా?"

సర్వేయరు నవ్వుకుంటూ మూడుకాళ్ల స్టాండు మీద పరికరం బిగించాడు. టార్చి వేసి, మట్టం చూపే గాజుగొట్టంలోని బుడగను నడిమికి తెచ్చాడు. అది నిలవలేదు. మెల్లగా కుడికి జరిగింది, మెల్లగా ఎడమకు వచ్చింది, మళ్లీ కుడికి.

"స్టాండుకి తగలకురా."

"నేనెక్కడ తగిలాను? చేతులు చంకల్లోంచి తీస్తేగా."

గాలి లేదు. ఆకు కదిలిన చప్పుడైనా లేదు. బుడగ మాత్రం వెళ్తోంది, వస్తోంది. దర్జీ తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఛాతీ కొలిచేటప్పుడు నా టేపూ ఇంతే. చెప్తేగానీ ఆగరు."

వంగి, కాళ్ల కింది బండను కస్టమరు భుజం తట్టినట్టు తట్టాడు. "అయ్యా, కాస్త ఊపిరి బిగబట్టండి."

బుడగ సరిగ్గా నడిమికి వచ్చి ఆగింది.

సర్వేయరు టార్చిని బుడగ మీంచి కాళ్ల కింది బండ మీదికి తిప్పాడు.

"తొందరగా రాసుకోరా," అన్నాడు దర్జీ, గొంతు బాగా తగ్గించి. "ఎవరూ ఎక్కువసేపు బిగబట్టలేరు."